ముద్రల మీద ముద్రలు: పౌరునికి తప్పని తిప్పలు

విదేశంలో ఉద్యోగమో, చదువో, వ్యాపారమో, చివరకు అక్కడ మరణించిన ఆప్తునికి రావలసిన బకాయిల వసూలో, పని ఏదైనప్పటికీ భారతీయ పౌరునికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. అతడు చూపుతున్న పత్రం అసలైనదేనని పూచీ ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానంగా నోటరీ మొదలుకొని దేశ రాజధాని వరకు ముద్రలు వేయించుకునే తంతు దశాబ్దాలుగా సాగుతోంది. ఒకే ఒక్క ధ్రువపత్రంతో ఈ తంతుకు స్వస్తి చెప్పాలన్న లక్ష్యంతో రూపొందిన అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం భాగస్వామి అయి రెండు దశాబ్దాలు గడిచింది. అయినా పౌరుని ప్రయాస తీరలేదు. ఇందుకు విదేశీ ప్రభుత్వాల అనుమానాలు కొంత కారణం కాగా, ఆ ఒడంబడిక స్ఫూర్తికి అనుగుణంగా మన కార్యాలయాల పద్ధతులు మారకపోవడం ప్రధాన కారణం.

ఒక దేశపు ప్రభుత్వ పత్రం మరొక దేశంలో చెల్లుబాటు కావడం సహజంగా జరిగే విషయం కాదు. కరీంనగర్ మునిసిపాలిటీ అధికారి సంతకం ఎలా ఉంటుందో కువైట్‌లోని అధికారికి తెలిసే అవకాశం లేదు. అందువల్ల గొలుసుకట్టు సాక్ష్యం అనే పద్ధతి ఏర్పడింది. పత్రంపై ఉన్న సంతకం ఫలానా అధికారిదేనని రాష్ట్ర ప్రభుత్వం చెబుతుంది. రాష్ట్ర అధికారి సంతకం సరైనదేనని ఢిల్లీలోని విదేశాంగ మంత్రిత్వ శాఖ చెబుతుంది. మంత్రిత్వ శాఖ ముద్ర నిజమైనదేనని సంబంధిత దేశపు రాయబార కార్యాలయం చెబుతుంది. తమ రాయబార కార్యాలయం ముద్ర సరైనదేనని ఆ దేశ విదేశాంగ శాఖ మరొకసారి చెబుతుంది. ఈ వరుసలో ప్రతి ఒక్కరూ తమకు ముందున్న సంతకానికి మాత్రమే సాక్షులు. పత్రంలో రాసి ఉన్న విషయం నిజమా, కాదా అన్నది ఎవరూ పరిశీలించరు. ప్రతి మెట్టు వద్ద రుసుము, నిరీక్షణ మాత్రం తప్పవు.

హేగ్ ఒడంబడిక ఆశయం

ఈ గొలుసును తెంచే ఉద్దేశంతోనే 1961 అక్టోబర్ 5న హేగ్ నగరంలో ఒక ఒడంబడిక కుదిరింది. అది 1965 జనవరి 24 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం పత్రాన్ని జారీ చేసిన దేశంలోని అధీకృత సంస్థ ‘అపోస్టిల్’ అనే ధ్రువపత్రాన్ని జతపరిస్తే చాలు. సభ్యదేశాలన్నీ దానిని అంగీకరించాలి. రాయబార కార్యాలయాల ముద్రలు అవసరం లేదు. ఫ్రెంచి భాష నుంచి వచ్చిన ఈ మాటకు పత్రం అంచున రాసే వ్యాఖ్య అని అర్థం. కనీసం 9 సెంటీమీటర్ల భుజం గల చతురస్రాకారంలో, 10 అంశాలతో, అన్ని దేశాలలోను ఒకే నమూనాలో అది ఉండాలని ఒడంబడిక నిర్దేశించింది. జారీ చేసిన ప్రతి అపోస్టిల్‌ను రిజిస్టరులో నమోదు చేయాలని, ఎవరైనా కోరినపుడు సరిచూసి చెప్పాలని కూడా నిబంధన ఉంది.

భారతదేశం ఈ ఒడంబడికలో 2004 అక్టోబర్ 26న చేరింది. 2005 జూలై 14 నుంచి మన దేశానికి సంబంధించి అది అమలులోకి వచ్చింది. ప్రస్తుతం ప్రపంచంలో 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. అమెరికా 1981 నుంచే సభ్యదేశం. గల్ఫ్ ప్రాంతంలో ఒమన్ 2012లోను, బహ్రెయిన్ 2013లోను, సౌదీ అరేబియా 2022 డిసెంబర్‌లోను ఈ పరిధిలోకి వచ్చాయి. దక్షిణాసియాలో పాకిస్తాన్‌కు 2023 మార్చిలో, బంగ్లాదేశ్‌కు 2025 మార్చిలో ఒడంబడిక వర్తించింది. కెనడా 2024 జనవరి నుంచి దీనిని అమలు చేస్తోంది. కాగా తెలుగువారు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, కువైట్, కతార్ 2025 నాటికి కూడా ఇందులో చేరలేదు. కనుక ఆ దేశాలకు వెళ్లే పత్రాలకు పాత గొలుసుకట్టు పద్ధతే దిక్కు.

స్వదేశంలోనే చిక్కుముడి

ఒడంబడిక తొలగించినది చివరి మెట్లను మాత్రమేనన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. రాయబార కార్యాలయం, గమ్యదేశపు విదేశాంగ శాఖ అన్న రెండు మెట్లు తప్పాయి. స్వదేశంలోని మెట్లు యథాతథంగా నిలిచాయి. విదేశాంగ మంత్రిత్వ శాఖ నిబంధనల ప్రకారం జనన, మరణ, వివాహ ధ్రువపత్రాలు, అఫిడవిట్లు, ముక్త్యార్‌నామాల వంటి వ్యక్తిగత పత్రాలను ముందుగా రాష్ట్ర ప్రభుత్వ హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ ధ్రువీకరించాలి. విద్యార్హతల పత్రాలను రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరించాలి. వాణిజ్య పత్రాలను వాణిజ్య మండలి ధ్రువీకరించాలి. ఆ తరువాతే అవి మంత్రిత్వ శాఖ బల్లపైకి చేరతాయి.

అంతటితో ఆగలేదు. మంత్రిత్వ శాఖ 2012 జూలై నుంచి పౌరుల వద్ద నేరుగా పత్రాలు తీసుకోవడం మానివేసి, ఆ పనిని ప్రైవేటు సేకరణ సంస్థలకు అప్పగించింది. అపోస్టిల్‌కు ప్రభుత్వం నిర్ణయించిన రుసుము పత్రానికి 50 రూపాయలు. దానిపై సేకరణ సంస్థల సేవారుసుము అదనం. అయితే విధివిధానాలు తెలియని సామాన్యుడు సాధారణంగా ఆశ్రయించేది వీధి చివర ట్రావెల్ ఏజెంటునే. అతడు రాష్ట్ర సచివాలయం, విశ్వవిద్యాలయం, సేకరణ సంస్థ ఖర్చులన్నీ కలిపి చెప్పే మొత్తం వేలల్లో ఉంటుంది. ప్రభుత్వ రుసుమెంత, దళారీ వాటా ఎంత అన్నది చెల్లించేవారికి తెలియదు.

2019 జనవరి నుంచి అపోస్టిల్ పనిని ఢిల్లీకే పరిమితం చేయకుండా హైదరాబాద్‌తో సహా పలు నగరాలలోని కార్యాలయాలకు వికేంద్రీకరించడం హర్షణీయమే. పత్రాలు పటియాలా హౌస్ దాకా ప్రయాణించవలసిన అవసరం చాలామందికి తప్పింది. కాని వికేంద్రీకరణ వల్ల తగ్గినది దూరమే తప్ప మెట్ల సంఖ్య కాదు.

తెలుగువారి ఇక్కట్లు

ఈ మెట్ల భారం అందరిపైనా సమానంగా పడదు. అమెరికాకు వెళ్లే ఇంజనీరుకు సహాయం చేసే మిత్రులు, డబ్బు, ఇంగ్లీషు పరిజ్ఞానం ఉంటాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కుటుంబాల పరిస్థితి వేరు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం అమలులో భాగంగా పదవ తరగతి ఉత్తీర్ణులకు వలస అనుమతి నుంచి మినహాయింపు ఉంది. కనుక ఆ సర్టిఫికెట్ ఒక్కటే వారి ప్రయాణ మార్గాన్ని మార్చివేయగలదు. ఐటీఐ సర్టిఫికెట్‌పై సరైన ముద్రలు లేకపోతే ఫిట్టర్‌గా వెళ్లవలసినవాడు సాధారణ కూలీగా వెళ్లవలసి వస్తుంది.

అన్నింటికంటె దయనీయమైనది మరణానంతర పరిస్థితి. గల్ఫ్‌లో మరణించిన కార్మికునికి రావలసిన జీతం బకాయిలు, సర్వీసు ప్రయోజనాలు, ప్రమాద పరిహారం కోసం అక్కడి న్యాయస్థానాన్ని ఆశ్రయించాలంటే భార్యాపిల్లలు వారసత్వ ధ్రువపత్రాన్ని, ముక్త్యార్‌నామాను పంపవలసి ఉంటుంది. తెలుగులో ఉన్న పత్రానికి ఇంగ్లీషు అనువాదం, అనువాదకుని సంతకానికి నోటరీ, తరువాత రాష్ట్ర సచివాలయం, తరువాత విదేశాంగ శాఖ, తరువాత ఆ దేశపు రాయబార కార్యాలయం. అవసరమైతే అరబిక్ అనువాదం. తహసీల్దారు కార్యాలయం దాటి ఎన్నడూ వెళ్లని మహిళకు ఇది ఎంతటి భారమో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పత్రాలు ఆలస్యమైనకొద్దీ కుటుంబానికి చేరవలసిన సొమ్ము కూడా ఆలస్యమవుతుంది.

పేర్ల సమస్య ఒకటి తెలుగువారికి ప్రత్యేకం. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. పాఠశాల రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలిపోతుంది. పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉంటుంది. వివాహ ధ్రువపత్రంలో భార్యకు పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉండడమూ పరిపాటి. మూడు పత్రాలలో మూడు విధాలుగా ఉన్న పేరు ఒకే మనిషిదని నిరూపించడానికి మళ్లీ అఫిడవిట్, దానికి మళ్లీ అవే ముద్రలు. జనన, మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినప్పటికీ గ్రామాలలో నమోదు చాలాకాలం అంతంతమాత్రంగానే సాగింది. వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్ 2002లో చట్టం చేసినప్పటికీ పెళ్లి జరిగిన ఏళ్ల తరువాత, వీసా అవసరం వచ్చినపుడే రిజిస్ట్రేషన్ కార్యాలయం గుర్తుకు వచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

2014 జూన్ 2న జరిగిన రాష్ట్ర విభజన మరొక మెలిక పెట్టింది. పత్రాన్ని ధ్రువీకరించవలసినది అది జారీ అయిన రాష్ట్రమే గాని, పౌరుడు నివసిస్తున్న రాష్ట్రం కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా పొంది హైదరాబాద్‌లో స్థిరపడినవారు ఆంధ్రప్రదేశ్ అధికారుల వద్దకు వెళ్లాలి. ఉస్మానియా పట్టా పొంది విజయవాడలో ఉంటున్నవారు తెలంగాణ అధికారుల వద్దకు రావాలి. బెంగళూరు, చెన్నై, ముంబై నగరాలలోని తెలుగువారి సంగతి సరేసరి.

పత్రాల రాకపోకలు ఒకవైపే సాగవు. అమెరికాలో ఉన్నవారు హైదరాబాద్, విజయవాడలలోని ఇల్లు, పొలం వ్యవహారాల కోసం తల్లిదండ్రులకో, అన్నదమ్ములకో ముక్త్యార్‌నామా పంపడం నిత్యం జరిగేదే. అక్కడి నోటరీ ఎదుట సంతకం చేసి, ఆ రాష్ట్ర ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ కార్యాలయంలో అపోస్టిల్ పొందడం ఒక మార్గం. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించుకోవడం మరొక మార్గం. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ విదేశంలో నివసించేవారి ముక్త్యార్‌నామాకు నోటరీ ధ్రువీకరణనూ, భారత కాన్సల్ ధ్రువీకరణనూ రెండింటినీ పేర్కొంటోంది. అలా వచ్చిన పత్రం మన దేశానికి చేరిన 3 నెలలలోగా స్టాంపు సుంకం చెల్లించవలసి ఉంటుందని 1899 నాటి స్టాంపుల చట్టం చెబుతోంది. ఈ గడువును తెలియక దాటవేసి చిక్కులలో పడేవారు తక్కువేమీ కాదు. అంతేకాక ముక్త్యార్‌నామా ద్వారా అమ్మకం జరిగినంత మాత్రాన యాజమాన్య హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసిన విషయం విదితమే. ఎన్ని ముద్రలున్నా పత్రానికి లేని శక్తి రాదన్నదే దీని సారాంశం.

వ్యాపారులకూ అదే గతి

వ్యాపార సంస్థల పత్రాలదీ ఇదే తీరు. విదేశంలో శాఖ తెరవాలన్నా, ఏజెంటును నియమించాలన్నా, టెండరులో పాల్గొనాలన్నా కంపెనీ నమోదు పత్రం, డైరెక్టర్ల బోర్డు తీర్మానం, ముక్త్యార్‌నామా, ఏజెన్సీ ఒప్పందం ధ్రువీకరించి ఇవ్వవలసి ఉంటుంది. హైదరాబాద్ ఔషధ కంపెనీలు తమ మందులను విదేశాలలో నమోదు చేయించేటపుడు, ఆ మందు స్వదేశంలో స్వేచ్ఛగా అమ్ముడవుతోందన్న ధ్రువపత్రాన్ని సమర్పించవలసిన సందర్భాలు అనేకం. వాణిజ్య, సుంకాల కార్యకలాపాలకు నేరుగా సంబంధించిన పరిపాలనా పత్రాలకు తాను వర్తించనని హేగ్ ఒడంబడిక మొదటి అధికరణలోనే ఉంది. కనుక సరుకుతో ప్రయాణించే కొన్ని పత్రాలు వాణిజ్య మండలి, రాయబార కార్యాలయం అన్న పాత దారినే పట్టవలసి వస్తోంది. పెద్ద కంపెనీకి ఇందుకోసం ప్రత్యేక సిబ్బంది ఉంటారు. ఎండుమిర్చి, గ్రానైటు ఎగుమతి చేసే చిన్న వ్యాపారి సరుకు రేవులో ఉండగా తానే ముద్రల కోసం తిరగాలి.

ముద్ర ఉన్నా నమ్మకం కరవు

ఇన్ని ముద్రలూ నకిలీలను అరికట్టడం కోసమేనని అధికారులు చెప్పవచ్చు. నకిలీ పట్టాల బెడద వాస్తవమే. 2020లో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వేలాది పట్టాలు అమ్ముకున్నదన్న ఆరోపణపై పోలీసు దర్యాప్తు జరిగింది. అయితే ముద్రల సంఖ్య పెరిగితే మోసం తగ్గుతుందన్న వాదన పరిశీలనకు నిలవదు. అపోస్టిల్ ధ్రువీకరించేది మూడే మూడు విషయాలను: సంతకం అసలైనదని, సంతకం చేసిన వ్యక్తి ఏ హోదాలో చేశాడని, ముద్ర ఎవరిదని. పత్రంలోని విషయానికి అది పూచీపడదు. రాష్ట్ర అధికారుల, వాణిజ్య మండళ్ల సంతకాల ఆధారంగానే తాము ధ్రువీకరిస్తామని, పత్రంలోని విషయాలకు బాధ్యత తమది కాదని మన విదేశాంగ శాఖే ప్రకటించింది. నోటరీ ముద్ర పడితే అందులో రాసినదంతా నిజమైపోతుందన్న అపోహ ప్రజలలో బలంగా ఉంది. సంతకం చేసిన మనిషి తన ఎదుట చేశాడని చెప్పడమే ప్రధానంగా నోటరీ పని.

ఈ లోపాన్ని విదేశాలు ఎప్పుడో గుర్తించాయి. భారతదేశం ఒడంబడికలో చేరినపుడు జర్మనీ అభ్యంతరం తెలిపింది. దాని ఫలితంగా ఆ దేశంతో మనకు ఒడంబడిక వర్తించలేదు. భారతీయ పత్రాల నిజానిజాలను తమ దౌత్య కార్యాలయాల ద్వారా విచారించి తెలుసుకునే పద్ధతిని జర్మనీ ఎంచుకుంది. అక్కడ చదువుకోదలచిన భారతీయ విద్యార్థులు తమ విద్యార్హతల పత్రాలను ప్రత్యేక మూల్యాంకన కేంద్రంలో పరిశీలింపజేసుకోవాలన్న నిబంధనను 2022 నవంబర్ నుంచి అమలు చేస్తోంది. ఆ దేశానికి కావలసినది ముద్ర కాదు, రికార్డుతో సరిచూసిన సమాచారం. మన విద్యార్థులు ఆ ఖర్చును, ఆ నిరీక్షణను అదనంగా భరిస్తున్నారు. స్వదేశంలో రికార్డును సరిచూసే ఏర్పాటు పటిష్ఠంగా ఉన్నట్లయితే ఇటువంటి అనుమానాలకు తావు తగ్గేది.

చేయవలసినదేమిటి?

ఈ దిశలో తొలి అడుగులు పడకపోలేదు. పత్రాలను కంప్యూటర్ ద్వారానే సరిచూసి ధ్రువీకరించే ‘ఇ-సనద్’ పథకాన్ని 2017 మే నెలలో నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రారంభించారు. మొదట కేంద్ర మాధ్యమిక విద్యామండలి సర్టిఫికెట్లతో అది మొదలైంది. 2015లో వచ్చిన డిజిలాకర్, విద్యార్హతల జాతీయ నిధి కూడా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలకు సంబంధించి 2011లో ప్రారంభమైన ‘మీసేవ’ ద్వారా అధికారి డిజిటల్ సంతకంతో పత్రాలు జారీ అవుతున్నాయి. వాటిని ఎవరైనా కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చు. విచిత్రమేమంటే, ప్రభుత్వమే డిజిటల్ సంతకంతో ఇచ్చిన పత్రంపై అదే ప్రభుత్వంలోని మరొక శాఖ సిరా సంతకం కోసం పౌరుడు మళ్లీ సచివాలయానికి వెళ్లవలసి రావడం. తన సంతకాన్ని తానే నమ్మని ప్రభుత్వాన్ని పరాయి దేశం నమ్ముతుందని ఆశించడం ఎలా?

సంతకం ఎవరిదన్న విచారణ స్థానంలో రికార్డు ఉన్నదా, లేదా అన్న విచారణను ప్రవేశపెట్టడమే ఈ సమస్యకు పరిష్కారం. కంప్యూటరీకరించిన రికార్డులు గల జనన, మరణ, వివాహ, విద్యార్హతల పత్రాలకు రాష్ట్ర స్థాయి సిరా ధ్రువీకరణను రద్దు చేసి, అపోస్టిల్ ఇచ్చే కార్యాలయమే రికార్డును నేరుగా సరిచూసుకునే ఏర్పాటు చేయాలి. ఒడంబడికను పర్యవేక్షించే హేగ్ సదస్సు సైతం బహుళ దశల పద్ధతిని ప్రోత్సహించడం లేదు. ఒకే మెట్టులో పని పూర్తి కావడమే ఒడంబడిక ఉద్దేశమని అది చెబుతోంది. మనలాగే లక్షలాది కార్మికులను విదేశాలకు పంపే ఫిలిప్పీన్స్‌లో 2019లో ఒడంబడిక అమలులోకి వచ్చింది. అక్కడ జాతీయ గణాంక సంస్థ జారీ చేసిన జనన ధ్రువపత్రంపై విదేశాంగ శాఖ నేరుగా అపోస్టిల్ ఇస్తుంది.

పాత కాగితపు రికార్డుల విషయంలో ఇది వెంటనే సాధ్యపడకపోవచ్చు. అటువంటి పత్రాల కోసం రాష్ట్ర ప్రభుత్వ అధికారి, విదేశాంగ శాఖ అధికారి ఒకే కార్యాలయంలో కూర్చునే ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య అవగాహన కుదిరితే ఒక రాష్ట్రపు పత్రాన్ని మరొక రాష్ట్రంలో స్వీకరించి, సరిచూసి ఇవ్వవచ్చు. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాల పత్రాలకు ప్రాధాన్యం ఇచ్చి, ఆ బాధ్యతను జిల్లా కలెక్టర్ కార్యాలయమే స్వీకరించాలి. వాటిపై రుసుములను పూర్తిగా మినహాయించడం సముచితం. ప్రతి దశకు రుసుము ఎంతో, గడువు ఎన్ని రోజులో తెలుగులో బోర్డులపై ప్రకటిస్తే దళారుల ఆట కొంతవరకైనా కట్టవుతుంది. ఒడంబడికలో లేని గల్ఫ్ దేశాలను చేరేలా ఒప్పించడం కేంద్ర ప్రభుత్వ దౌత్య ప్రయత్నాలలో భాగం కావాలి. ఆ దేశాలతో కార్మిక ఒప్పందాలపై చర్చలు జరిగిన ప్రతిసారీ ఈ అంశాన్ని లేవనెత్తవలసి ఉంది.

పౌరుడు తన పుట్టుక, చదువు, పెళ్లి నిజమైనవేనని నిరూపించుకోవడానికి ఊరూరా తిరగవలసిన పని లేదు. ఆ రికార్డులు రాసుకున్నది ప్రభుత్వం, దాచుకున్నది ప్రభుత్వం. వాటికి పూచీపడవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే. ఈ బాధ్యతను స్వీకరించడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు. చేతిలో ఉన్న రికార్డును తెరిచి చూసే అలవాటు చేసుకుంటే చాలు.